ఏ బ్రాండు ఫోను కొనాలి? శ్రీకాకుళం, విజయనగరం వాళ్ల కోసం మొదటి నుంచి చివరి దాకా

"అల్లుడూ, ఏ కంపెనీ ఫోను తీసుకోమంటావు?"

దసరా దగ్గరపడే కొద్దీ ఈ ప్రశ్న రోజుకు రెండు మూడు సార్లు వింటాను. విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక ఫోన్ల షాపు కౌంటర్లో ఆరేళ్లు పనిచేశాను. ఆ పని వదిలేసినా అడిగేవాళ్లు వదల్లేదు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు వరసగా రాసి పెడితే అందరికీ పనికొస్తుందని కూర్చున్నాను.

కంపెనీ పేరు నేను ముందు చెప్పను. పాడైతే ఎక్కడ బాగుచేయిస్తారు? మీ ఇంట్లో ఏ సిమ్‌కి సిగ్నల్ అందుతుంది? ఎన్నేళ్లు వాడాలనుకుంటున్నారు? ఈ మూడూ తేలితే పది బ్రాండుల్లో ఏడు వాటంతటవే పక్కకు పోతాయి. హైదరాబాదులో ఉన్న తమ్ముడికి బ్రహ్మాండంగా పనిచేసిన ఫోను పాతపట్నంలో ఉన్న అన్నకు కూడా అలాగే ఉండాలని లేదు.

ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. పాత ఫోనును వారం గమనించాక, ఒక సాయంత్రం ఇంట్లో, ఒక మధ్యాహ్నం షాపులో గడిపితే ఏది కొనాలో తేలిపోతుంది.

## 1. ముందు పాత ఫోనును వారం రోజులు గమనించండి

విసుగొచ్చినప్పుడల్లా ఎందుకొచ్చిందో కాగితం మీద రాయండి. "స్లో" అని ఊరుకోకండి. "ఫోన్‌పే తెరుచుకోవడానికి పది సెకన్లు", "సాయంత్రం నాలుగింటికే చార్జింగ్ అయిపోయింది", "అవతలివాళ్లకు నా మాట వినపడలేదు" అని రాయండి. ఈ చిట్టాయే రేపు షాపులో మీకు దారి చూపిస్తుంది.

మా పిన్ని ఫోను హ్యాంగ్ అవుతోందని కొత్తది కొనడానికి సిద్ధపడింది. తెరిచి చూస్తే 64 జీబీలో ఒక్క జీబీ కూడా ఖాళీ లేదు. సగానికి పైగా వాట్సాప్‌లో వచ్చిన గుడ్ మార్నింగ్ బొమ్మలు, దేవుళ్ల వీడియోలే. వాట్సాప్ సెట్టింగుల్లో "స్టోరేజ్ అండ్ డేటా"కి, అక్కడ "మేనేజ్ స్టోరేజ్"కి వెళ్లి పెద్ద ఫైళ్లు తీసేశాం. ఆ ఫోనునే ఇంకో ఏడాదిన్నర వాడింది.

బ్యాటరీ ఒక్కటే ఇబ్బంది అయితే కంపెనీ సర్వీస్ సెంటర్లో బ్యాటరీ మార్పించుకోవడం చౌక. కొత్త ఫోను నిజంగా అవసరమయ్యే సందర్భాలు ఇవి:

- సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి, బ్యాంకు యాప్ "మీ ఫోనులో పనిచేయదు" అంటోంది
- డిస్‌ప్లే లేదా బోర్డు పోయింది, రిపేరు ఖర్చు ఫోను విలువలో సగానికి చేరుతోంది
- స్టోరేజీ ఖాళీ చేసినా, రీసెట్ చేసినా నెమ్మది తగ్గలేదు
- బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేస్తోంది (దీన్ని ఇక చార్జింగ్ పెట్టకండి, గుచ్చకండి, వెంటనే వాడకం ఆపేయండి)

## 2. బడ్జెట్ రాసుకోండి, పై ఖర్చులతో సహా

"ఇరవై వేల లోపు" అని వచ్చి ఇరవై ఆరు వేలతో ఇంటికెళ్లిన వాళ్లను చాలామందిని చూశాను. కవరు, టెంపర్డ్ గ్లాసు, చార్జరు, ఇన్సూరెన్సు ఒక్కొక్కటిగా కలుస్తాయి. అందుకే మొత్తం అంకె వేసుకుని, అందులోంచి ఒక రెండు వేలు తీసి పక్కన పెట్టి, మిగిలినదే ఫోను ధర అనుకోండి.

చార్జరు సంగతి ముందే కనుక్కోండి. ఐఫోను, శాంసంగ్, పిక్సెల్, నథింగ్ పెట్టెల్లో ఇప్పుడు కేబులే ఇస్తున్నారు, చార్జరు ఉండదు. ఒప్పో, వివో లాంటి వాటి ఫాస్ట్ చార్జింగ్ పూర్తి వేగంతో రావాలంటే వాళ్ల చార్జరూ వాళ్ల కేబులే కావాలి. ఇంట్లో ఉన్న వేరే కంపెనీ చార్జరు పెడితే ఎక్కుతుంది, నెమ్మదిగా ఎక్కుతుంది. పెట్టె మీద "80 వాట్లు" అని రాసి ఉంటే ఆ చార్జరు లోపల ఉందా, విడిగా కొనాలా అని అడగండి.

## 3. సర్వీస్ సెంటర్ ఎంత దూరం? ఇక్కడే సగం బ్రాండులు తేలిపోతాయి

ఈ భాగాన్ని దాటేయకండి. మన రెండు జిల్లాల్లో ఫోను కొనేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

మా మావయ్యది పూసపాటిరేగ దగ్గర పల్లెటూరు. కెమెరా బాగుందని ఎవరో చెబితే ఆన్‌లైన్‌లో ఒక ఫోను తెప్పించుకున్నాడు. ఫోను మంచిదే. ఎనిమిది నెలలకు డిస్‌ప్లే మధ్యలో నిలువుగా ఆకుపచ్చ గీత వచ్చింది. కింద పడలేదు, నీళ్లు తగల్లేదు. ఆ కంపెనీ వాళ్లకు జిల్లాలో సొంత సెంటర్ లేదు, విశాఖపట్నం వెళ్లాలి. మొదటిసారి వెళితే స్పేర్ పార్టు లేదు, తెప్పిస్తామన్నారు. రెండోసారి వెళితే సర్వర్ డౌన్. మూడోసారికి బాగుచేసి ఇచ్చారు. వారంటీలో కాబట్టి డబ్బులు తీసుకోలేదు. కానీ మూడు రోజుల కూలి పోయింది, బస్సు చార్జీలయ్యాయి, దాదాపు నెల రోజులు చేతిలో ఫోను లేదు. "ఫ్రీగానే చేశార్రా" అని ఆయన చెబుతుంటే నాకు బాధేసింది.

విజయనగరం నుంచి విశాఖ సుమారు 60 కిలోమీటర్లు. శ్రీకాకుళం నుంచి సుమారు 110. టెక్కలి, పలాస వాళ్లకైతే ఒక రోజు పూర్తిగా పోయినట్టే. కాబట్టి వరసగా ఇలా చేయండి.

మొదటిది: మీరు అనుకుంటున్న ప్రతి కంపెనీ సొంత వెబ్‌సైట్లో సర్వీస్ సెంటర్ వెతికే చోట పిన్‌కోడ్ కొట్టండి. శ్రీకాకుళానికి 532001, విజయనగరానికి 535001. మ్యాపుల్లో వెతికితే బోర్డు మీద కంపెనీ పేరు రాసుకున్న మామూలు రిపేరు షాపులు కూడా వస్తాయి. వాళ్లు పని బాగానే చేయొచ్చు. కానీ అక్కడ ఫోను విప్పితే మీ వారంటీ పోతుంది.

రెండోది: సెంటర్ ఉందని చూసి ఊరుకోకండి, ఫోన్ చేయండి. అడగాల్సినవి:

- ఈ మోడల్ డిస్‌ప్లే మీ దగ్గరే మారుస్తారా, లేక తీసుకుని వేరే ఊరు పంపిస్తారా?
- పార్టు స్టాకు ఉంటుందా, తెప్పించాలంటే ఎన్ని రోజులు?
- వారంటీ బయట డిస్‌ప్లేకి ఎంత, బ్యాటరీకి ఎంత?
- ఆదివారం తెరుస్తారా?

"మేం కలెక్షన్ పాయింట్ మాత్రమే" అన్నారంటే అక్కడ రిపేరు జరగదు, ఫోను పెట్టెలో పెట్టి పంపిస్తారు. లేనిదానికన్నా నయం, అయినా వారం పది రోజులు వేసుకోండి.

మూడోది: డిస్‌ప్లే ధరను ఫోను ధర పక్కన రాయండి. పగిలిన అద్దం ఏ కంపెనీ వారంటీలోనూ ఉచితం కాదు. ఇరవై వేల ఫోనుకి డిస్‌ప్లే తొమ్మిది వేలంటే, ఒక్కసారి పడితే సగం ధర పోయినట్టు. బైకు మీద తిరిగేవాళ్లు, చిన్నపిల్లలున్న ఇళ్లు ఈ అంకె చూడాల్సిందే.

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వాళ్లకు ఒక మాట. శ్రీకాకుళం కన్నా ఒడిశాలోని బరంపురం మీకు చాలా దగ్గర. మన దేశంలో అమ్మడానికి వచ్చిన ఫోనుకు వారంటీ రాష్ట్రం దాటినా చెల్లుతుంది. అక్కడి సెంటర్లు కూడా చూడండి.

## 4. మీ ఇంట్లో ఏ సిగ్నల్ వస్తుందో కొలవండి

స్లాబు ఇంట్లో మధ్యగదిలోకి వెళ్లి ఒకసారి, పెరట్లో ఒకసారి కాల్ చేసి చూడండి. పక్కింటివాళ్ల సిమ్‌తో కూడా చూడండి. కొండవార ఊళ్లలో, తోటల మధ్య ఇళ్లలో ఈ తేడా బాగా తెలుస్తుంది.

ఆ తర్వాత ఫోను బ్యాండ్లు, అంటే ఏ ఏ తరంగాల మీద ఆ ఫోను సిగ్నల్ అందుకోగలదో చూడండి. జియో 5జీకి 700 మెగాహెర్ట్జ్ కూడా ఉంది. దాన్ని స్పెసిఫికేషన్లలో "ఎన్28" అని రాస్తారు. ఈ తరంగం గోడలు దాటి దూరం పోతుంది. ఎయిర్‌టెల్ 5జీ ముఖ్యంగా "ఎన్78" మీద నడుస్తుంది. బీఎస్ఎన్ఎల్ 4జీకి బ్యాండ్ 28, బ్యాండ్ 1 ఉండాలి. మన దేశంలో షాపుల్లో అమ్మే కొత్త 5జీ ఫోన్లలో చాలావాటికి ఇవన్నీ ఉంటాయి. అయినా బాగా చౌక మోడళ్లలో ఒకసారి చూసుకోవడం మంచిది.

ఇబ్బంది ఎక్కువగా వచ్చేది గల్ఫ్ నుంచి తెచ్చే ఫోన్లతో. ఉద్దానం వైపు దాదాపు ప్రతి వీధిలో ఒకరు బయట దేశంలో ఉంటారు, వచ్చేటప్పుడు ఫోను తెస్తారు. సౌదీ, ఎమిరేట్స్, ఖతార్, కువైట్, ఒమన్, బహ్రెయిన్‌లలో అమ్మే ఐఫోన్ 17కి సిమ్ పెట్టే అర లేదు, ఈ-సిమ్ ఒక్కటే పనిచేస్తుంది. అమెరికాలో అమ్మేవి ఐఫోన్ 14 నుంచీ ఇంతే. వారంటీని కొన్న దేశానికే పరిమితం చేసే కంపెనీలూ ఉన్నాయి. "తమ్ముడు చవగ్గా తెస్తున్నాడు" అని సంబరపడే ముందు ఈ రెండు సంగతులూ కనుక్కోండి.

## 5. అప్‌డేట్లు ఎన్నేళ్లో లెక్క కట్టండి

అప్‌డేట్లు ఆగిన ఫోను ఆ రోజే ఆగిపోదు. కానీ కొత్తగా బయటపడే లోపాలకు మందు దొరకదు. బ్యాంకు, యూపీఐ అన్నీ అందులోనే ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు.

- గూగుల్ పిక్సెల్ 8 నుంచి, శాంసంగ్ గెలాక్సీ ఎస్24 నుంచి ఏడేళ్లు ఇస్తామని చెప్పారు.
- శాంసంగ్ గెలాక్సీ ఏ16 5జీ లాంటి మధ్యతరగతి మోడల్‌కి ఆరేళ్లు.
- యాపిల్ మామూలుగా ఆరేడేళ్లు నడిపిస్తుంది. 2019లో వచ్చిన ఐఫోన్ 11కి 2025లో వచ్చిన ఐఓఎస్ 26 కూడా అందింది.
- మిగతా బ్రాండుల్లో మోడల్‌ని బట్టి మారుతుంది. అదే కంపెనీ ఖరీదైన ఫోనుకి ఎక్కువ, చౌక ఫోనుకి తక్కువ ఇస్తుంది. కంపెనీ పేజీలో ఆ మోడల్ పేరుతోనే చూడండి.

చాలామంది చేసే తప్పు ఏమిటంటే, లెక్క కొన్న రోజు నుంచి అనుకోవడం. లెక్క మొదలయ్యేది ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి. మూడేళ్లు ఇస్తామన్న ఫోను రెండేళ్ల కిందట విడుదలైందనుకోండి. ఈ రోజు "భారీ తగ్గింపు"లో కొంటే మిగిలింది ఒక్క ఏడాదే.

ఇప్పుడు ధరను మిగిలిన ఏళ్లతో భాగించండి. 18,000 ఫోను మూడేళ్లు వస్తే ఏడాదికి 6,000. 27,000 ఫోను ఆరేళ్లు వస్తే ఏడాదికి 4,500. నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టగలిగిన వాళ్లకు నేను రెండోదే చెబుతాను. రెండేళ్లకోసారి మార్చే అలవాటున్నవాళ్లు మాత్రం ఈ లెక్క గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు.

## 6. ఏ బ్రాండు ఏ ఇంటిదో తెలుసుకోండి

రెడ్‌మీ, పోకో షావోమీవి. ఐకూ వివోది. ఒప్పో, రియల్‌మీ, వన్‌ప్లస్ ఒకే గూటివి. ఒకే ఇంటి బ్రాండుల మధ్య పేరు చూసి తల బద్దలు కొట్టుకోవద్దు, లోపల సాఫ్ట్‌వేరు చాలావరకు ఒకేలా ఉంటుంది. అక్కడ ధర, సర్వీసు, మోడల్ చూస్తే చాలు.

శాంసంగ్‌లో ఏ సిరీస్ ఎక్కువగా షాపుల్లో, ఎం, ఎఫ్ సిరీస్ ఎక్కువగా ఆన్‌లైన్లో అమ్ముతారు. "షాపులో ఎం సిరీస్ లేదన్నారు, మోసం చేస్తున్నారు" అని ఒకాయన నాతో గొడవపడ్డాడు. మోసమేం లేదు, అమ్మకం పద్ధతే అది.

చౌక ఫోన్లలో లాక్ స్క్రీన్ మీద, యాప్‌ల మధ్య ప్రకటనలు వస్తుంటాయి. మొదటిసారి ఫోను ఆన్ చేసేటప్పుడు అడిగే "రికమెండేషన్లు", "గ్లాన్స్" (లాక్ స్క్రీన్ మీద బొమ్మలు, వార్తలు చూపించేది) లాంటివాటికి ఒప్పుకోకండి. చాలావరకు తగ్గుతాయి.

## 7. మూడు మోడళ్లకు దించండి

ఇక్కడికి వచ్చేసరికి రెండు మూడు బ్రాండులే మిగులుతాయి. ఒక్కోదాంట్లోంచి మీ బడ్జెట్‌లో ఒక్క మోడల్ తీసుకోండి. మూడుకి మించితే తేల్చుకోలేరు.

చూడాల్సినవి

- ర్యామ్ 8 జీబీ, తప్పకపోతే 6
- స్టోరేజీ 128 జీబీ, పిల్లల వీడియోలు ఎక్కువ తీసేవాళ్లు 256. స్టోరేజీ రకం యూఎఫ్ఎస్ (వేగంగా పనిచేసేది) అయి ఉండాలి, ఈఎంఎంసీ (పాత, నెమ్మది రకం) అయితే కొన్నాళ్లకే బరువెక్కుతుంది
- మెమరీ కార్డు అర కావాలా? చాలా మోడళ్లలో రెండో సిమ్, కార్డు ఒకే అరలో కూర్చోవాలి, రెండూ కుదరవు
- కెమెరాకి ఓఐఎస్, అంటే చేయి వణికినా బొమ్మ చెదరకుండా పట్టే ఏర్పాటు
- బ్యాటరీ 5,000 ఎంఏహెచ్ లేదా పైన

పట్టించుకోనక్కర్లేనివి

- "8 జీబీ + 8 జీబీ" అని రాసే వర్చువల్ ర్యామ్. రెండో ఎనిమిది స్టోరేజీలోంచి అరువు తెచ్చుకున్నది
- 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా. లెక్కకు మాత్రమే
- 108, 200 మెగాపిక్సెల్ అంకె ఒక్కటే చూసి కెమెరా బాగుంటుందనుకోవడం

బ్యాటరీ గురించి మన వైపు వాళ్లకు వేరే కారణం ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఫోను చార్జింగ్ కోసం జనరేటర్ ఉన్న ఇంటి ముందు జనం వరస కట్టారు. తీరం ఊళ్లలో ఉండేవాళ్లు పలుచటి అందమైన ఫోను కన్నా పెద్ద బ్యాటరీ ఉన్నదే చూడండి.

భావనపాడు, కళింగపట్నం వైపు వేటకు వెళ్లేవాళ్లు "ఐపీ68 కదా, నీళ్లలో పడినా పర్లేదు" అంటారు. ఆ పరీక్ష మంచినీళ్లతో చేసేది. ఉప్పునీరు చార్జింగ్ పిన్నులను తినేస్తుంది, నీటి వల్ల పోతే చాలా కంపెనీలు వారంటీ ఇవ్వవు. సముద్రం నీళ్లు తగిలితే ఫోను ఆపి, గుడ్డను మంచినీళ్లలో తడిపి పిండి తుడిచి, పూర్తిగా ఆరాకే చార్జింగ్ పెట్టండి. వేటకు వెళ్లేటప్పుడు మూతి బిగించే ప్లాస్టిక్ సంచి తప్పనిసరి.

## 8. షాపులో పది నిమిషాలు

మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు మధ్య వెళ్లండి. జనం తక్కువ, ఎండ ఎక్కువ. రెండూ మనకు కావాలి.

కంపెనీ టీషర్టు వేసుకుని మీ దగ్గరికి వచ్చే కుర్రాడు ఆ కంపెనీ తరఫున నిలబడ్డవాడు. తన ఫోనే గొప్ప అంటాడు, అది అతని ఉద్యోగం. మర్యాదగా విని, మీ కాగితంలో ఉన్న మూడు మోడళ్లూ డెమో చూపించమనండి.

1. ఫోను పట్టుకుని షాపు గుమ్మం దాటి ఎండలో నిలబడండి. వెలుగు పూర్తిగా పెంచి ఒక వాట్సాప్ మెసేజ్ చదవండి. లోపల మెరిసిపోయిన డిస్‌ప్లే బయట నల్లటి అద్దంలా కనిపిస్తే ఆ ఫోను పక్కన పెట్టేయండి. పొలంలో, బస్టాండులో మీరు రోజూ పడే బాధ అదే.
2. కీబోర్డు తెలుగుకి మార్చి "శ్రీకాకుళం" అని టైపు చేయండి. తర్వాత మైకు నొక్కి, మామూలుగా మీ ఇంట్లో మాట్లాడినట్టే ఒక వాక్యం చెప్పండి. పెద్దవాళ్ల కోసం కొంటుంటే వాళ్లనే తీసుకెళ్లి చెప్పించండి.
3. మీతో వచ్చినవాళ్లను అటూ ఇటూ నడవమని, షాపు లోపలి వెలుతురులోనే ఫొటో తీయండి. ముఖం మసకబారిందా చూడండి. కదలకుండా నిలబెట్టి తీస్తే ఏ ఫోనైనా బాగానే తీస్తుంది.
4. ఒంటి చేత్తో పట్టుకుని బొటనవేలితో పైమూల తాకండి. అందకపోతే బస్సులో నిలబడి వాడలేరు.
5. స్పీకర్ పూర్తిగా పెంచి ఒక వార్తల వీడియో వినండి. మాటలు పగులుతున్నాయా చూడండి.
6. వీలైతే మీ సిమ్ వేసి ఒక కాల్ చేయండి. మీ మాట ఎలా వినపడుతోందో అవతలివాళ్లను అడగండి.

కాల్ రికార్డింగ్ కావాలనుకునేవాళ్లు అది కూడా అక్కడే చూసుకోండి. గూగుల్ డయలర్ (కాల్స్ కోసం గూగుల్ ఇచ్చే యాప్) ఉన్న ఫోన్లలో రికార్డు చేస్తున్నామని ఇద్దరికీ వినపడేలా చెబుతుంది. ఇంటికెళ్లాక తెలిసి వెనక్కి తెచ్చినవాళ్లు ఎందరో.

ఆ రోజే కొనకండి. "ఈ ఆఫర్ ఈ రోజుతో సరి" అంటారు. సిరిమానోత్సవం అయ్యాక దీపావళికి కూడా ఆఫర్లు వస్తాయి. ఒక రాత్రి ఆలోచించుకుని వెళ్లండి.

## 9. ధర, ఈఎంఐ, బిల్లు

షాపు ధర, ఆన్‌లైన్ ధర పక్కపక్కన రాయండి. ఆన్‌లైన్ ధర చూపిస్తే షాపువాళ్లు తరచూ దగ్గరికి వస్తారు, లేదంటే గ్లాసు, కవరు ఇస్తారు. తేడా ఐదారు వందలే అయితే నేను షాపునే ఎంచుకోమంటాను. మొదటి వారంలో ఇబ్బంది వస్తే మాట్లాడటానికి ఎదురుగా మనిషి ఉంటాడు.

"నో కాస్ట్ ఈఎంఐ" అన్నా రెండు ఖర్చులు మిగులుతాయి. ఒకటి ప్రాసెసింగ్ ఫీజు, రెండోది బ్యాంకు వడ్డీ మీద పడే 18 శాతం జీఎస్టీ. వడ్డీ డిస్కౌంటుగా తిరిగి వచ్చినా ఆ పన్ను రాదు. మొత్తం ఎంత కడతారో ఒకే అంకెగా రాసివ్వమనండి.

"బిల్లు వద్దంటే వెయ్యి తగ్గిస్తా" అంటే ఒప్పుకోకండి. మీ పేరు, తేదీ, ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకూ విడిగా ఉండే 15 అంకెల గుర్తింపు) ఉన్న జీఎస్టీ బిల్లు కావాల్సిందే. వారంటీకి అదే ఆధారం. ఉత్సవం జనంలో ఫోను పోతే పోలీసు ఫిర్యాదుకీ, కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైట్లో ఫోను బ్లాక్ చేయించడానికీ అది పనికొస్తుంది. అక్కడికక్కడే బిల్లుకి ఫొటో తీసి ఇంట్లోవాళ్ల వాట్సాప్‌కి పంపండి.

## 10. పెట్టె తెరిచేటప్పుడు

ఆన్‌లైన్లో వచ్చిందైతే సీలు కోయకముందు నుంచి వీడియో తీయండి, మధ్యలో ఆపకండి. తర్వాత:

- *#06# కొట్టి వచ్చిన ఐఎంఈఐ, పెట్టె మీదిది, బిల్లు మీదిది మూడూ ఒకటేనా చూడండి
- ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో కే, వై, ఎం అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, 15 అంకెల ఐఎంఈఐ రాసి 14422కి ఎస్ఎంఎస్ పంపండి. ఫోను వివరాలు వస్తాయి. సెకండ్ హ్యాండ్ అయితే డబ్బు ఇవ్వకముందే ఈ పని చేయాలి, బ్లాక్ అయిన ఫోను దీంతో దొరికిపోతుంది
- తెల్ల బొమ్మ, నల్ల బొమ్మ పూర్తి స్క్రీన్ మీద పెట్టి చుక్కలు, గీతలు వెతకండి
- కంపెనీ వెబ్‌సైట్లో వారంటీ ఏ రోజు మొదలైందో చూడండి. మీరు కొన్న రోజుకి ముందు తేదీ ఉంటే ఆ పెట్టె ఎవరో ముందే తెరిచారన్నమాట

తేడా కనిపిస్తే ఆ రోజే రాతపూర్వకంగా చెప్పండి. షాపువాళ్లు, కంపెనీవాళ్లు వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

## 11. పాత ఫోను నుంచి కొత్తదానికి, ఈ వరసలోనే

కొత్త ఫోను సంబరంలో పాతదాన్ని అదే రోజు ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేసి, ఫొటోలు పోయాయని ఏడ్చినవాళ్లను కౌంటర్లో నా కళ్లతో చూశాను. పెళ్లి ఫొటోలు, చనిపోయిన నాన్న గొంతుతో ఉన్న వాయిస్ మెసేజీలు మళ్లీ రావు. వారం రోజులు రెండు ఫోన్లూ దగ్గరే ఉంచుకోండి. ఎక్స్‌ఛేంజ్ తప్పనిసరి అయితే డెలివరీకి రెండు రోజుల ముందే ఇవన్నీ ముగించండి.

1. పాత ఫోనులో వాట్సాప్ బ్యాకప్ చేయండి. గూగుల్ ఖాతాలో ఉచితంగా ఇచ్చే 15 జీబీలోంచే ఈ చోటు పోతుంది, చాలకపోతే రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి క్యూఆర్ కోడ్‌తో చాట్లు మార్చుకోండి.
2. ఫొటోలు కంప్యూటర్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో ఎక్కించండి. ఎక్కాయో లేదో తెరిచి చూడండి.
3. కాంటాక్టులు సిమ్‌లో ఉన్నాయా, గూగుల్ ఖాతాలో ఉన్నాయా చూసి, అన్నీ ఖాతాలోకి మార్చండి.
4. సిమ్ మార్చి, మొదట ఒక కాల్, ఒక ఎస్ఎంఎస్ వస్తున్నాయో చూడండి.
5. తర్వాతే బ్యాంకు, యూపీఐ యాప్‌లు ఒక్కొక్కటిగా తెరవండి. అన్నీ పనిచేశాయని తేలేదాకా పాతదాంట్లోవి తీసేయకండి.

అదే నంబరుకి కొత్త సిమ్ కార్డు తీసుకున్నా, ఈ-సిమ్‌కి మారినా 24 గంటలు ఎస్ఎంఎస్‌లు ఆగుతాయి. మోసాలు ఆపడానికి పెట్టిన నిబంధన ఇది. ఓటీపీ రాదు, యూపీఐ నమోదు కాదు. ఆ మర్నాడు ఆసుపత్రి పనో, ఫీజు కట్టే పనో ఉంటే ముందు అది అయ్యాకే సిమ్ మార్చండి. టెన్షన్ తప్పుతుంది.

మొదటి రెండు మూడు రోజులు బ్యాటరీ త్వరగా తగ్గినా, కాస్త వేడెక్కినా కంగారుపడకండి. లోపల ఫొటోలు, యాప్‌లు సర్దుకుంటూ ఉంటాయి. నాలుగో రోజు దాటాక కూడా ఊరికే పెట్టినప్పుడు వేడిగా ఉంటే మాత్రం మార్పిడి గడువు దాటకముందే షాపుకి తీసుకెళ్లండి.

చివరి పని పాత ఫోనుది. ముందు సెట్టింగుల్లోకి వెళ్లి గూగుల్ ఖాతా తీసేయండి, ఐఫోను అయితే "ఫైండ్ మై" ఆపి సైన్ అవుట్ చేయండి. ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్. వరస తప్పితే కొత్తగా తీసుకున్నవాళ్లను ఫోను మీ పాస్‌వర్డ్ అడగొచ్చు. అలా తిరుపతిలో ఉన్న కొడుకు పాస్‌వర్డ్ కోసం, శ్రీకాకుళం సెవెన్ రోడ్స్ దగ్గర ఒక షాపు మెట్ల మీద రెండు గంటలు కూర్చున్న తల్లిని నేను చూశాను. కొడుకు పంపిన ఫోనే అది, ఆమె చేతిలోనే ఉంది, తెరుచుకోలేదు. ఇంట్లో పెద్దవాళ్లకు ఇస్తుంటే రీసెట్ చేశాక వాళ్ల పేరుతో కొత్త ఖాతా పెట్టి, పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి బీరువాలో దాచిపెట్టి మరీ ఇవ్వండి.